అరవై ఇరవై అవుతుందన్న మాత్ర గురించి

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి పోయిన వారం ఒకే మెసేజ్ మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ వేర్వేరు మనుషుల నుంచి. సారాంశం ఇది: "మన కణాల్లో ఎన్ఏడీ అనే కోఎంజైమ్ (ఎంజైములకు పనిలో తోడ్పడే పదార్థం) ఉంటుంది. కనిపెట్టినవాళ్లకు నోబెల్ వచ్చింది. యాభై దాటేసరికి అది సగానికి పడిపోతుంది, నీరసానికీ ముసలితనానికీ అదే కారణం. శరీరంలో ఎన్ఏడీగా మారే ఎన్ఎంఎన్ మాత్రతో మళ్లీ నింపుకోవచ్చు. ఎలుకల్లో అరవై ఏళ్ల ఒళ్లు ఇరవై ఏళ్లదైంది, మనుషుల్లోనూ రుజువైంది. విటమినే కాబట్టి సైడ్ ఎఫెక్టులు లేవు." కింద కొనుక్కోవడానికి లింకు.

దాని కింద మా బాబాయి ఒక్క ప్రశ్న వేశాడు: "డాలస్ నుంచి పిల్లాడు వచ్చేటప్పుడు నాలుగు సీసాలు తెమ్మననా?" ఆయన కోసమే ఇదంతా రాస్తున్నాను.

నోబెల్ మాట నిజమే. 1906లో లండన్‌లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ ఈస్ట్ రసం మీద పనిచేస్తూ, మరగబెట్టినా చెడిపోని ఏదో పదార్థం లేకపోతే చక్కెర పులియడం లేదని గమనించారు. అదే తర్వాత ఎన్ఏడీగా తేలింది. 1929లో హార్డెన్, ఆయిలర్-చెల్పిన్‌లకు నోబెల్ ఇచ్చింది చక్కెర ఎలా పులుస్తుందో చెప్పినందుకు. అందులో వయసు ఊసే లేదు. తిండిలోంచి వచ్చే ఎలక్ట్రాన్లను ఎన్ఏడీ మోసుకెళ్లి అందిస్తే, కణం లోపలి మైటోకాండ్రియా వాటి బలంతో కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారుచేస్తుంది. ఆ ఏటీపీని అదే 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి లోకానికి చెప్పినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫార్వర్డ్ రాసినవాడికి ఈ సంగతి తెలిసుంటే దాన్నీ వాడేసుకునేవాడు.

ఎన్ఏడీ తయారీకి కావలసిన ముడిసరుకు శరీరానికి అందకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. దక్కన్‌లో జొన్నలే తిండిగా బతికిన పేదల్లో పెల్లాగ్రా ఉండేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొట్టు రేగేది, మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ వచ్చేది, విరేచనాలయ్యేవి, ముదిరితే మతి చెడేది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి ఒక కారణం కావచ్చని 1960లో పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా వాదించారు. హైదరాబాద్ పోషకాహార సంస్థలో ఆ పరిశోధన చాలా ఏళ్లు సాగింది. ల్యూసిన్ వాదం మీద తర్వాత తగాదాలున్నాయి గానీ, ఆ ముడిసరుకైన నియాసిన్, అంటే బి3 విటమిన్, ఇస్తే రోగి తేరుకుంటాడన్న దాంట్లో లేవు. ఫార్వర్డ్ తిరకాసు ఇక్కడే. లోటున్నవాడికి ఇస్తే బాగుపడ్డాడు కాబట్టి లోటు లేనివాడికి ఇస్తే కుర్రాడవుతాడట! దీపంలో నూనె అయిపోతే ఆరిపోతుంది, నిజమే. ప్రమిద పొంగేలా పోస్తే మాత్రం వెలుగు రెట్టింపు కాదు, చుట్టూ జిడ్డవుతుంది.

"యాభై దాటితే సగం" అన్నది అంత ఖాయంగా చెప్పదగ్గ లెక్క కాదు. కొన్ని కణజాలాల్లో వయసుతోపాటు తగ్గినట్టు కనిపించింది. రక్తంలో కొలిచినప్పుడు ఒక్కో పరిశోధన ఒక్కోలా చెప్పింది. నాకు నచ్చింది మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ వాళ్లు 2022లో ప్రచురించిన పని. పెద్దవాళ్ల తొడ కండరం ముక్క తీసి చూస్తే ఎన్ఏడీ తక్కువే ఉంది. కానీ క్రమం తప్పకుండా వ్యాయామం చేసే పెద్దవాళ్లలో దాదాపు కుర్రవాళ్ల స్థాయిలోనే ఉంది. ఇక తగ్గడానికి కారణం ఉత్పత్తి పడిపోవడమే కానక్కర్లేదు. వయసు మీదపడేకొద్దీ సీడీ38 అనే ఎంజైమ్ పెరిగి ఎన్ఏడీని తినేస్తోందని 2016లో మేయో క్లినిక్ వాళ్లు ఎలుకల్లో చూపించారు. అంటే కుండకు చిల్లు పడితే పైనుంచి నీళ్లు పోసే బేరం ఇది.

అరవై-ఇరవై కథ పుట్టింది 2013లో. హార్వర్డ్‌లో డేవిడ్ సింక్లేర్ బృందం 22 నెలల ఎలుకలకు వారం రోజులు ఎన్ఎంఎన్ ఇచ్చింది. కండరంలో మైటోకాండ్రియాకు సంబంధించిన కొన్ని కొలతలు 6 నెలల ఎలుకల్లా కనిపించాయి. దాన్ని మనుషుల వయసులోకి మార్చి పత్రికలు హెడ్డింగులు పెట్టాయి. ఆ ఎలుకల కండబలం మాత్రం పెరగలేదు. తర్వాత అమెరికా ప్రభుత్వ నిధులతో మూడు ల్యాబుల్లో ఒకేసారి జరిగే ఆయుష్షు పరీక్షల్లో ఎన్ఎంఎన్‌కు తోబుట్టువు లాంటి ఎన్ఆర్‌ను పెట్టి చూశారు. ఎలుకల ఆయుష్షు పెరగలేదు. ఈ సంగతి మాత్రం ఏ గ్రూపులోనూ ఫార్వర్డ్ కాలేదు.

మనుషుల సంగతికి వద్దాం. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ 2021లో ప్రచురించిన పరీక్షను ఈ వ్యాపారులంతా చూపిస్తారు. అందులో ఉన్నది 25 మంది, అందరూ మెనోపాజ్ దాటి, బరువెక్కువై, షుగర్ అంచున ఉన్న ఆడవాళ్లు. రోజుకు 250 మిల్లీగ్రాములు, 10 వారాలు. కండరం ఇన్సులిన్‌కు స్పందించడం సుమారు 25 శాతం మెరుగైంది. ఇది చిన్న విషయమేమీ కాదు. కానీ బరువు తగ్గలేదు, రక్తంలో షుగర్ తగ్గలేదు, బీపీ మారలేదు. అంతకుముందు 2018లో డెన్మార్క్‌లో 40 మంది ఊబకాయులైన మగవాళ్లలో సగం మందికి రోజుకు 2 గ్రాముల ఎన్ఆర్ 12 వారాలు ఇచ్చారు, ఇన్సులిన్ స్పందన కూడా మారలేదు. అదే ఏడాది కొలరాడోలో చేసిన మరో చిన్న పరీక్షలో రక్తకణాల్లో ఎన్ఏడీ సుమారు 60 శాతం పెరిగింది. మనిషి ఓపిక పెరిగిందా అంటే, అలాంటి ఆధారం దొరకలేదు. ల్యాబ్ రిపోర్టులో అంకె పెరగడం వేరు, మనిషి మెట్లెక్కడం వేరు. ఫార్వర్డ్ మొదటిది చూపించి రెండోది అమ్ముతోంది.

ఇంకో చిక్కు. మింగిన మాత్ర నేరుగా కండరానికి పోతుందనుకుంటాం. ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2018లో ఎలుకల్లో ఆనవాలు పట్టి చూస్తే, నోటితో ఇచ్చిన ఎన్ఆర్, ఎన్ఎంఎన్ కండరం దాకా అలాగే చేరలేదు. చాలావరకు కాలేయమే నికోటినమైడ్‌గా మార్చి పంపింది. నికోటినమైడ్ అంటే ఏ మందుల షాపులోనైనా దొరికే చవకైన బి3 విటమిన్ రూపం.

ఆ చవక విటమిన్‌కు ఉన్న మంచి పేరు కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో అప్పటికే చర్మ క్యాన్సర్ వచ్చిన 386 మందిలో సగం మందికి రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాములు ఇస్తే, మెలనోమా కాని కొత్త చర్మ క్యాన్సర్లు 23 శాతం తగ్గాయని 2015లో తేలింది. ఆపేస్తే ఆ లాభమూ పోయింది. ఇది ఫలానా రోగులకు ఫలానా మోతాదు. యవ్వనం మాట అందులో లేదు.

"సైడ్ ఎఫెక్టులు లేవు" అనడానికి చేతిలో ఉన్నవి ఎక్కువగా కొన్ని వారాల పరీక్షలే. ఏళ్ల తరబడి వేసుకుంటే సంగతేమిటో వాటితో తేలదు. క్యాన్సర్ కణాలకూ ఎన్ఏడీ కావాలి. దాని తయారీని అడ్డుకునే మందులను క్యాన్సర్ రోగుల మీద పరీక్షించింది అందుకే. బి3లోనే ఇంకో రూపమైన నియాసిన్ ఎక్కువ మోతాదులో కాలేయాన్ని దెబ్బతీయగలదు. విటమిన్ అన్న పేరు అడ్డుపడదు. సెలైన్‌లా ఎక్కించే ఎన్ఏడీ డ్రిప్పులకు మాత్రలకున్నపాటి ఆధారం కూడా లేదు.

బాబాయికి ఇందులో సగం చదివి వినిపించాను. "సరేరా, మరి నా నీరసం మాటేమిటి?" అన్నాడు. ఆయన 11 ఏళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నాడు. చాలా ఏళ్లు వాడేవాళ్లలో బి12 తగ్గిపోవడం మామూలే, పైగా ఆయన గుడ్డు కూడా ముట్టడు. బి12 ఎప్పుడైనా చూపించుకున్నావా అంటే లేదన్నాడు. థైరాయిడ్? లేదు. హిమోగ్లోబిన్? మూడేళ్ల కిందట, పిన్ని పోరితే. నిద్ర సరిగ్గా పడుతోందో లేదో తెలియడానికి రాత్రి గురక ఎలా ఉంటుందో పిన్నిని అడిగాను, ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. శనివారం రక్తం ఇచ్చి వస్తానన్నాడు. సీసాల సంగతి పిల్లాడికి ఇంకా చెప్పలేదట.