మహారాజశ్రీ సిలిండర్ల విశ్రాంతి శాఖ వారికి

మహారాజశ్రీ సిలిండర్ డీయాక్టివేషన్ వారి దివ్యసముఖమునకు,

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక మినీవ్యాన్ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడమే మర్యాద. కానీ మా వ్యాను ఇంజనులో ఉన్న 6 సిలిండర్లలో ముందు వరుస మూడింటికే కుశలం. వెనక వరుస మూడూ తమరి ఏలుబడిలో ఉన్నాయి. పెట్రోలు పొదుపు పేరుతో వాటిని పనిలోంచి దింపేది తమరే కదా.

మొదట్లో తమరంటే నాకు భక్తే. హైవే మీద 65 మైళ్ల వేగం అందుకున్నాక మూడున్నర లీటర్ల ఇంజనుకు పెద్దగా పని ఉండదు. ఇంజనులోకి గాలి వదిలే తలుపు, అంటే థ్రాటిల్, దాదాపు మూసుకుని ఉంటే, ఆ సన్నటి సందులోంచి గాలి పీల్చుకోవడానికే ఇంజను కొంత శక్తి తగలేస్తుంది. అప్పుడు తమరు వేంచేస్తారు. నూనె ఒత్తిడితో, వాల్వులను తెరిచే మీటలైన రాకర్ ఆర్ముల్లోని పిన్నులు జరిపి, వెనక మూడింటి వాల్వులు మూయించి, వాటికి పెట్రోలు ఆపిస్తారు. మిగిలిన మూడింటికీ థ్రాటిల్ ఇంకాస్త తెరుచుకుని ఊపిరి ఆడుతుంది. డాష్‌బోర్డు మీద పచ్చదీపం వెలుగుతుంది. ఆ దీపం చూసినప్పుడల్లా భూమాతకు ఏదో ఉపకారం చేస్తున్నానని కొన్నేళ్లు మురిసిపోయాను.

అసలు ఏర్పాటు తరువాత అర్థమైంది. ఆరుగురు బోయీల పల్లకి ఇది. ముగ్గురు మోస్తారు. ముగ్గురు భుజం తప్పించి, "ఓహోం, ఓహోం" అంటూ పక్కనే నడుస్తారు. విశ్రాంతి అన్నది పేరుకే. మంట లేకపోయినా ఆ మూడు పిస్టన్లు నిమిషానికి సుమారు 2,000 సార్లు పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటాయి. కింద నుంచి నూనె చిమ్ముతూనే ఉంటుంది. దాన్ని గీకి కిందకు పంపవలసిన రింగులు మసి పట్టి గాడిలో బిగుసుకుపోతే నూనె పైకి ఎక్కుతుంది, స్పార్కు ప్లగ్గులు తడుస్తాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నడుస్తూ తాగేవారి సంగతి పెద్దలు చెప్పలేదు.

ముగ్గురే మోస్తే పల్లకి ఊగదా? ఊగుతుంది. అందుకని ఇంజను కింద ఆ వణుకుకు ఎదురు వణికే ప్రత్యేకమైన మౌంట్లు, అంటే ఇంజనును పట్టి ఉంచే దిమ్మలు, పెట్టారు. మోత వినపడకుండా స్పీకర్లలోంచి ఎదురు మోత వినిపిస్తారు. దొంగతనం కంటే దాన్ని కప్పిపుచ్చడానికే ఖర్చు ఎక్కువయ్యేలా ఉంది. పైగా ఆ మౌంటు పాడైన రోజున గుట్టంతా బయటపడుతుంది. మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి బయలుదేరాం. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద కొండ దిగినప్పుడల్లా "నాన్నా, ఈ బండికి కడుపులో ఏదో గుడగుడలాడుతోంది" అంటూనే ఉంది. యాభై ఏళ్లు పిల్లల కడుపులు చూసిన మనిషి. నేను ఇంజనీరును కాబట్టి నమ్మలేదు.

సర్వీసు కౌంటరులో పెద్దమనిషి మాత్రం చలించలేదు. వెయ్యి మైళ్లకు ఒక క్వార్టు (సుమారు లీటరు) నూనె ఖర్చయినా మామూలేనన్నాడు. ఈ ఇంజనులో పట్టేదే నాలుగున్నర క్వార్టులు. ఆయన చెప్పిన మామూలు ప్రకారం 5,000 మైళ్లకు చుక్క మిగలదు!

ఇక తమరు నాకు మిగిల్చింది ఎంత? నా చిట్టా ప్రకారం గ్యాలనుకు ఒక మైలు. తమరు లేకపోతే 21, ఉంటే 22. ఏడాదికి 12,000 మైళ్లకు 26 గ్యాలన్లు. గ్యాలను మూడున్నర డాలర్లనుకుంటే 91 డాలర్లు. ఆ డబ్బు ఒక్క మౌంటుకు కూడా చాలదు. కాకపోతే తమరి పొదుపు జమ అయ్యే ఖాతా వేరు. అమ్మిన ప్రతి బండి మైలేజీనీ సగటు కట్టి ప్రభుత్వానికి చూపించవలసిన కంపెనీకి ఆ ఒక్క మైలే బంగారం.

తమరి వంశం కూడా ఆరా తీశాను. 1981లో కాడిలాక్ కార్లలో తమరి పూర్వీకుడొకరు, ఎనిమిది సిలిండర్లను ఆరుకో నాలుగుకో దించుతూ, 8-6-4 అనే పేరుతో అవతరించారు. ఆనాటి కంప్యూటర్లు ఆ లెక్క అందుకోలేక కార్లు కుదుపులు పెడితే, చాలామంది యజమానులు వైరు ఊడదీయించుకున్నారట.

నాకూ ఆ దారే కనిపించింది. కానీ ముందు నష్టం ఎంతో చూడాలి కదా. ఒక ఆదివారం ప్లగ్గులన్నీ విప్పాను. వెనక వరుసవి విప్పడానికి వైపర్ల కింద దూరి చేసిన యోగాసనాలకు ఇంకా పేర్లు పెట్టలేదు. ముందు మూడూ లేత గోధుమ రంగులో ఉన్నాయి. వెనక మూడూ నల్లగా, తడిగా, వేయించి తీసిన మిరపకాయల్లా ఉన్నాయి. సిలిండర్లు గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతున్నాయో చెప్పే కంప్రెషన్ చూస్తే అన్నీ 180, 195 పీఎస్ఐ మధ్యే. సంతోషించబోయి ఆగాను. ఆ పరీక్షలో ముఖ్యంగా పట్టుబడేవి పిస్టను పై రెండు రింగులూ వాల్వులూ. నూనె గీకే మూడో రింగు బిగుసుకుపోయినా కంప్రెషన్ చక్కగానే ఉండవచ్చు. అందుకే సన్నటి కెమెరాను ప్లగ్గు రంధ్రంలోంచి దింపాను. వెనక పిస్టన్ల తలల మీద మసి పెచ్చులు కట్టింది. గోడల మీద మాత్రం ఫ్యాక్టరీలో చెక్కిన అడ్డగీతలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. నిలువు గాట్లు లేవు. పాత నూనె సీసా ల్యాబుకు పంపిస్తే ఇనుము, అల్యూమినియం హద్దుల్లోనే ఉన్నాయని రాశారు. నిజం ఒప్పుకోవాలి: తమరు ఇంజనును మింగలేదు, నాకుతూ ఉన్నారంతే. దావా వేద్దామన్నంత కోపంతో మొదలుపెట్టిన నాకు ఇది కాస్త నిరాశే.

తరువాత చిన్న మోసం చేశాను. మా వ్యానులో ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటు, సుమారు 75 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ తమరు గడప తొక్కరు. ఆ వేడిని కొలిచే సెన్సరు చల్లగా ఉంటే ఎక్కువ రెసిస్టెన్స్ చూపిస్తుంది. కాబట్టి దాని వైరులో ఒక చిన్న రెసిస్టర్ కలిపాను. అది మరీ ఎక్కువైతే థర్మోస్టాట్ పాడైందని ఇంజను లైటు వెలుగుతుంది, రేడియేటర్ ఫ్యాను ఆలస్యంగా మేలుకుంటుంది. అసలు వేడి చూపించే మరో మీటరు పెట్టుకుని, ఎంత రెసిస్టెన్స్ సరిపోతుందో రెండు వారాలు తూకం వేశాను.

మొన్న జూలైలో మళ్లీ పిట్స్‌బర్గ్ వెళ్లాం. అలెఘెనీ సొరంగం దాటి కొండ దిగుతున్నా పచ్చదీపం వెలగలేదు. వెనక సీటులో అమ్మ పులిహోర డబ్బా ఒడిలో పెట్టుకుని నిద్రపోయింది. బయట 95 ఫారెన్‌హీట్. తమరికి మాత్రం ఇంజను ఇంకా వేడెక్కలేదనే కబురు పంపిస్తున్నాను.

ఇట్లు,
తమరి విధేయుడు కాని
మినీవ్యాన్ యజమాని