స్లాబ్ ఇంటికి వేయించండి, కామిక్‌కి కాదు

మా కవిటి కుర్రాళ్ల వాట్సాప్‌లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: చిన్న ప్రచురణకర్తలు వేసే ఇండీ కామిక్ ఏది కొన్నా చదవొద్దు, అమెరికా పంపి గ్రేడింగ్ చేయించి స్లాబ్‌లో పెట్టించాలి. 1984లో సుమారు మూడు వేల కాపీలు వేసిన నింజా టర్టిల్స్ అనే అమెరికా కామిక్ మొదటి సంచిక ఇప్పుడు లక్షలు పలుకుతోంది, మీదీ అంతే. స్లాబ్‌లో ఉంటే తేమ అంటదు. ప్రపంచంలో మీదొక్కటే కాపీ అని రికార్డులోకి ఎక్కుతుంది. రచయిత సంతకం ఉంటే రేటు రెట్టింపు.

మా బావమరిది ఇది చూపించి, "బావా, నా దగ్గర నాలుగున్నాయి. పంపీమంటావా? లచ్చలొస్తాయంట, నిజమేనేటి?" అన్నాడు.

మన దగ్గర స్లాబ్ అంటే ఇంటికి వేసేదే. వీళ్లు చెప్పే స్లాబ్ గట్టి ప్లాస్టిక్ కేసు. ఇందులో పెద్ద పేరు సి.జి.సి. అనే ఫ్లోరిడా కంపెనీది, 2000లో మొదలైంది. పుస్తకాన్ని పరిశీలించి 0.5 నుంచి 10 దాకా మార్కు వేసి, కేసులో పెట్టి సీలు చేస్తారు. సీలు విప్పితే మార్కు చెల్లదు. అంటే ఇక ఆ పుస్తకం చదవడానికి పనికిరాదు, పై అట్ట చూసుకోవడమే.

ముందు నింజా టర్టిల్స్ సంగతి. పుస్తకం వచ్చింది 1984లో, గ్రేడింగ్ కంపెనీ పుట్టింది 2000లో. ఈ మధ్యలోనే టీవీ కార్టూన్ వచ్చింది, సినిమాలు వచ్చాయి, బొమ్మలు అమ్ముడుపోయాయి, మొదటి సంచిక కోసం జనం వెతకడమూ మొదలైంది. గిరాకీ ముందొచ్చింది, డబ్బా తర్వాత వచ్చింది. అప్పట్లో సొంత డబ్బుతో కామిక్ వేసుకున్నవాళ్లు ఇంకా ఎంతోమంది. వాళ్లలో చాలామంది పుస్తకాలు ఇవాళ ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. వాళ్ల గురించి ఎవడూ మెసేజ్ పెట్టడు.

"మీదొక్కటే కాపీ" అన్నది మరీ తమాషా. ఏ పుస్తకానికి ఏ మార్కు ఎన్నిసార్లు వేశారో కంపెనీ ఒక లెక్క బయటపెడుతుంది. అందులో మీ కామిక్ పక్కన 1 అని ఉంటే, గ్రేడింగుకి పంపినవాడు మీరొక్కరే అని అర్థం. మిగతా కాపీలు అటక మీదో, అచ్చేసినవాడి మంచం కిందో ఉండొచ్చు. ఊరంతటికీ ఒక్కడే పరీక్ష రాస్తే ఫస్టు వాడే కదా.

ఇక తేమ. ఇది నేను పడి తెలుసుకున్న సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా పెంకులు లేచిపోయాయి, ట్రంకు పెట్టెలోకి నీళ్లు దిగాయి. అట్టపెట్టెలో విడిగా ఉన్నవి తడిసి ముద్దయ్యాయి, కొన్నిటిని దండెం మీద ఆరేసుకుని దక్కించుకున్నాను. జిప్ కవర్లలో ఉన్నవాటికి ఏమీ కాలేదని మురిసిపోయాను. కరెంటు లేదు, కొబ్బరిచెట్లు పడిన దారులు తెరుచుకోలేదు, కవర్ల జోలికే పోలేదు. నెల తర్వాత విప్పి చూస్తే లోపల బూజు. అంతకుముందే కవర్లో చేరిన చెమ్మ బయటికి పోయే దారి లేకపోయింది. స్లాబ్ కూడా గాలి చొరని డబ్బా కాదు. పుస్తకంలోంచి వచ్చే ఆమ్లాన్ని పీల్చే కాగితం లోపల పెడతారు, నిజమే. కానీ సముద్రపు గాలికీ ఎండకీ అది మందు కాదు. పొడిగా ఉండే గది, బీరువాలో గోడకి ఆనని అర, మైలార్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్ కవరు, వెనక ఆమ్లం లేని అట్ట, వానాకాలం పోయాక ఒకసారి తీసి చూసుకోవడం. ఇవి చాలు.

సంతకం మాటలో సగమే నిజం. స్లాబ్ మీద పసుపు లేబుల్ వేసేది, కంపెనీ సాక్షి ఎదురుగా పెట్టిన సంతకానికి. స్టాల్ దగ్గర ఆర్టిస్టు మీ పేరు రాసి పెట్టిచ్చిన సంతకం, మామూలుగా పంపితే పై అట్ట మీద రాత కిందే లెక్క. మా బావమరిది నాలుగింటిలో రెండింటి మీద "ప్రేమతో" అని వాడి పేరుంది.

ఖర్చు చూద్దాం. కొత్త కామిక్స్‌కి చౌక రకం గ్రేడింగే ఒక్కోదానికి పాతిక ముప్ఫై డాలర్లు. పోనూ రానూ కొరియరు, ఇన్సూరెన్సు, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వేరే. మూడొందల రూపాయల పుస్తకానికి వేలల్లో ఖర్చు. పోనీ పెట్టామనుకోండి, కొత్త పుస్తకాల్లో 9.8 మార్కుకి ఉన్న గిరాకీ 9.4కి ఉండదు. చిన్న ప్రెస్సులో కోత వంకరపోయినా, పిన్ను పక్కకి పడినా మార్కు తగ్గుతుంది, మీరెంత జాగ్రత్తగా దాచినా సరే. మరీ లావు పుస్తకాలైతే ఆ కేసులో పట్టవు.

గ్రేడింగ్ మోసం అనను. నింజా టర్టిల్స్ మొదటి సంచికకి నకిలీలున్నాయి. అలాంటిది చేతిలో ఉండి, ముక్కూ మొహం తెలియని విదేశీయుడికి అమ్మాలంటే మూడో మనిషి మాట కావాలి. రంగు పూశారా, అతుకు వేశారా అన్నది కూడా వాళ్లు పట్టుకుంటారు. మన ఇండీ కామిక్ కొనేవాడు అలాంటివాడు కాదు, చదవడానికి కొంటాడు. శ్రీకాకుళంలో కథానిలయం అని తెలుగు కథల లైబ్రరీ ఉంది. కథారచయిత కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, 1997లో పెట్టారు. పాత పత్రికలు సేకరించి, స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. అక్కడ కూడా డబ్బాలో పెట్టి సీలు వేసుంటే కథలు మనదాకా వచ్చేవా?

బావమరిది నాలుగూ నా ముందు పరిచాడు. ఒకదాని ఆర్టిస్టు ఇంకా అవే కాపీలు అమ్ముతున్నాడని ఫోన్లో చూపించాను. "అయితే రెండోది కొంతాను బావా, ఇది మా గుంటడు చింపేసినాడు" అన్నాడు.