ముసలితనం ఖర్చు ఇంటి పన్ను మీదా?

ఇంగ్లండ్‌లో వసంతం వచ్చేసరికి ఇంటింటికీ కౌన్సిల్ ట్యాక్స్, అంటే స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను బిల్లు వస్తుంది. అందులో ‘అడల్ట్ సోషల్ కేర్’ (సొంతంగా పనులు చేసుకోలేని పెద్దవాళ్ల సంరక్షణ) అని విడిగా ఓ వరుస. 2016లో ఆ పన్ను మీద అదనంగా 2 శాతంతో మొదలైన వడ్డన ఇది. పెద్దవాళ్ల కోసమే కదా, కడితే పోయేదేముంది అనిపిస్తుంది. నాకైతే ఆ బిల్లు మొత్తంలో అన్యాయమైన వరుస అదే.

లెక్క చూడండి. ఈ పన్నుకు ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి ఇళ్ల ధరలే ఆధారం. అప్పట్లో 40 వేల పౌండ్ల లోపు ఇల్లయితే అట్టడుగు తరగతి బ్యాండ్ ఏ, 3.2 లక్షలు దాటితే అన్నిటికన్నా పై తరగతి బ్యాండ్ హెచ్. ఎంత పెద్ద బంగళా అయినా, అదే ఊళ్లోని బ్యాండ్ ఏ ఇంటికి 3 రెట్లకు మించి కట్టక్కర్లేదు. ఈశాన్య ఇంగ్లండ్‌లో సగానికి పైగా ఇళ్లు బ్యాండ్ ఏలోనే ఉన్నాయి. అక్కడ 2 శాతం పెంచితే వచ్చేది చిల్లర. పోనీ అక్కడ ఖర్చు తక్కువా అంటే, కాదు. చేతిలో 23,250 పౌండ్లకు మించి ఉన్నవాళ్లు సంరక్షణ ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి. ఆ హద్దు 2010 నుంచి కదల్లేదు. కాబట్టి కౌన్సిల్ మీద ఆధారపడేవాళ్లు పేద ఊళ్లలోనే ఎక్కువ. బోరు ఎండిన ఊరికి వెళ్లి మీ నీళ్లు మీరే తోడుకోండి అన్నట్టుంది. అంతెందుకు, సంపన్నుల కౌంటీ సర్రేకే ఈ డబ్బు చాలక 2017లో ఏకంగా 15 శాతం పెంపుపై రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) పెడతానంది. తర్వాత వెనక్కి తగ్గిందనుకోండి.

డబ్బు చాలకపోతే ఏమవుతుందో ఇంట్లో కనిపిస్తుంది. కేర్ వర్కర్ వచ్చి 15 నిమిషాలు ఉంటుంది. మాత్రలు వెయ్యాలి, బట్టలు మార్చాలి, టీ పెట్టాలి. టీ చల్లారే లోపే ఆమె ఇంకో గుమ్మం ముందు ఉండాలి. పెద్దాయన కబురు మొదలుపెడితే టెన్షన్ ఆమెకే.

స్థానికుల అవసరం స్థానిక సంస్థకే తెలుస్తుందని, జాతీయ పన్ను అయితే జనం ఒప్పుకోరని వాదించేవాళ్లున్నారు. రెండోదాంట్లో కొంత నిజముంది. ఆరోగ్యం, సంరక్షణల కోసం 2021లో ప్రకటించిన 1.25 శాతం జాతీయ పన్నును (లెవీ) మరుసటి ఏడాదే ఎత్తేశారు. ఒక పాలకుడు భయపడ్డాడని లెక్క తప్పవుతుందా?

అసలు ఇందులో ‘స్థానికం’ ఏముంది? ఇళ్ల బ్యాండ్లు లండన్, అంటే కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఎవరికి సేవలందించాలో 2014 కేర్ యాక్ట్ చెబుతుంది. పెంపు 5 శాతానికి చేరితే రెఫరెండం పెట్టాల్సిందే, ఆ గీత గీసేదీ లండనే. కౌన్సిలర్‌కు మిగిలింది తిట్లు తినే పని. అధికార వికేంద్రీకరణ అని మనం మురిసిపోయే చాలా పథకాల్లో కిందికి దిగేది బాధ్యతా, నిందా మాత్రమే. ఖజానా తాళాలు పైనే ఉంటాయి.

క్యాన్సర్ వస్తే ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఉచితంగా చూస్తుంది, ఏ ఊళ్లో ఉన్నావని అడగదు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వస్తే మాత్రం ముందు నీ బ్యాంకు నిల్వ, తర్వాత నీ కౌన్సిల్ స్థోమత చూస్తారు. ఎన్‌హెచ్‌ఎస్ లాగే దీన్నీ దేశమంతా కలిసి మోయాలి. జపాన్ 2000 నుంచి 40 ఏళ్లు దాటిన అందరి దగ్గరా సంరక్షణ బీమా వసూలు చేస్తోంది. నడిపేది పురపాలక సంస్థలే, కానీ భారం వాటి ఒక్కదాని మీదే పడెయ్యలేదు. ఇంగ్లండ్ మాత్రం జీవితకాల ఖర్చుకు 86 వేల పౌండ్ల పరిమితి పెడతానని మాటిచ్చి, 2024లో దాన్నీ రద్దు చేసింది. ఇప్పుడు సంరక్షణ వ్యవస్థను ఎలా మార్చాలో చెప్పమని లూయీస్ కేసీ నేతృత్వంలో కమిషన్ వేసింది. తుది నివేదిక 2028కి. ఈలోగా ఆ వరుస బిల్లులో వస్తూనే ఉంటుంది, బ్యాండ్ ఏ ఇంటికి కూడా.