మెడికల్ లీన్ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మెడికల్ లీన్ గారికి,

నమస్కారం. ప్రమాదంలో గాయపడ్డవాడికి వచ్చే పరిహారం డబ్బులోంచి వైద్యం బిల్లు ముందే పట్టుకునే హక్కే మీరు. మీ ఆరోగ్యం గురించి అడగక్కర్లేదు, దెబ్బలు తగిలేది ఎప్పుడూ మాకే కదా.

కాలిఫోర్నియాలో కొడుకు దగ్గరికి వచ్చిన మా ఊరి పెద్దాయన సన్నీవేల్‌లో సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరారు. తలకి మంకీ క్యాప్, కాళ్లకి కొడుకు కొనిచ్చిన కొత్త బూట్లు. ఎల్ కమినో రియల్ దగ్గర బటన్ నొక్కి, సిగ్నల్‌లో తెల్ల బొమ్మ వెలిగాకే అడుగేశారు. కుడివైపు తిరిగే కారు ఆగలేదు. కుడి తుంటి విరిగింది. ఆ రోజు ఎమర్జెన్సీలో మీ జాడే లేదు. మీరు మర్యాదస్తులు, డబ్బు మాట వచ్చేదాకా గుమ్మం తొక్కరు.

ఉత్తరం మాత్రం ముందే పంపేశారు. పెద్దాయనకి కాదు, గుద్దినవాడి ఇన్సూరెన్స్ కంపెనీకి, రిజిస్టర్డ్ పోస్టులో. ఆస్పత్రి వాటా తియ్యకుండా ఆయనకి డబ్బిస్తే ఆ వాటా కంపెనీయే కట్టుకోవాలట!

అక్కడ కారుకి ఉండాల్సిన కనీస ఇన్సూరెన్స్, ఒక మనిషి గాయాలకి, ఒకప్పుడు 15,000 డాలర్లు. 2025 జనవరి నుంచి 30,000 చేశారు. కారువాడికి ఉన్నది సరిగ్గా అంతే. పెద్దాయన లాయరు ఒక కాగితం ముందు పెట్టాడు. పైన 30,000. దాని కింద లాయరుకి మూడో వంతు, 10,000. మిగిలినదాంట్లో ఆస్పత్రి సగానికి మించి పట్టుకోకూడదని ఆ రాష్ట్ర చట్టం, కాబట్టి మీరు పెద్ద మనసుతో 10,000తో సరిపెట్టుకున్నారు. అడుగున మిగిలిన 10,000 తుంటి విరిగినాయనకి. అందులోంచే ఫిజియోథెరపీ, అంబులెన్స్, డాక్టర్ల విడి బిల్లులు. పైగా ఆస్పత్రి బిల్లులో మీకు అందని భాగం మాఫీ అయినట్టు కాదట.

వైద్యం చేసినవాళ్లు డబ్బు అడగడం తప్పని నేననను. కానీ మన ఆరోగ్య ఇన్సూరెన్స్ కార్డు చూపించినా ఆ కంపెనీకి బిల్లు పంపకుండా మీ కోసం కాచుక్కూర్చునే ఆస్పత్రులున్నాయి చూడండి, వాటి తెలివికి దండం పెట్టాలి. కార్డు ప్రకారమైతే తగ్గింపు రేటు, మీ ద్వారా అయితే పూర్తి రేటు. ఇన్సూరెన్స్ ఇచ్చినదాన్నే పూర్తి చెల్లింపుగా ఒప్పుకున్న ఆస్పత్రి మళ్లీ మిమ్మల్ని దింపడానికి వీల్లేదని 2005లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు మీకు కొంచెం చేదుగానే ఉండి ఉంటుంది.

మీ అన్నదమ్ములు మీకంటే ఘనులు. 2008లో ఫ్లోరిడాలో స్కూల్ బస్సు దిగిన 13 ఏళ్ల పిల్లని ట్రక్కు గుద్దింది. వైద్యానికి మెడికెయిడ్, అంటే పేదల వైద్యానికి ప్రభుత్వం నడిపే పథకం, 8,60,000 డాలర్ల పైనే కట్టింది. సెటిల్‌మెంట్‌లో వచ్చింది 8,00,000. అందులో 3,00,000 మాకని రాష్ట్రం లెక్కకట్టింది. ముందుముందు జరగబోయే వైద్యం కోసం ఉద్దేశించిన డబ్బులోంచి కూడా తీసుకోవచ్చని 2022లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. జరిగిపోయిన వైద్యం బాకీ, ఇంకా జరగని వైద్యం డబ్బులోంచి వసూలు! మా ఊరి వడ్డీ వ్యాపారికి కూడా ఈ ఆలోచన రాలేదు.

ఇక అసలు విషయం. మీ ఆస్పత్రి బిల్లు పద్దుపద్దుగా తెప్పించి చదివాం. ఎడమ తుంటికి ఎక్స్‌రే అని రెండుచోట్ల ఉంది. ఆ తుంటి భేషుగ్గా ఉంది. అవి కొట్టేసి, పూర్తి రేటు పక్కన పెట్టి, ఎంతకి ఒప్పుకుంటారో రాసి పంపండి. ఫోన్లో చెబితే కుదరదు. సంతకం పెట్టిన కాగితం చేతికొచ్చేదాకా చెక్కు కదలనివ్వనని లాయరు ఖచ్చితంగా చెప్పాడు.

ఇట్లు,
కాగితంలో అడుగు వరసలో ఉన్నాయన తరఫున