సవరణ: చివర్లో దింపేది ఎవరిని?

నల్లగొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆటపై నేను రాసిన పోస్టులో "మంచి ఆటగాణ్ని చివరి ఇరవై నిమిషాలకు దాచుకోండి" అన్న వాక్యాన్ని చాలామంది స్టార్‌ని బెంచీ మీద కూర్చోబెట్టమన్నట్టు చదివారు. ఆ మాట వేగం ఉన్నవాడి గురించి. వాక్యం మార్చాను.

2014 ప్రపంచకప్ ఫైనల్లో జర్మనీ ఆటగాడు గోట్జే 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా (ఆడుతున్నవాడి బదులు) దిగి, 113వ నిమిషంలో గోల్ కొట్టాడు. బంతి అందించిన షుర్లే కూడా సబ్‌స్టిట్యూటే, కాకపోతే జట్టులోని క్రామర్‌కు దెబ్బ తగలడంతో మొదటి సగంలోనే వచ్చాడు. అందుకే గడియారం కాదు, ఎదుటి డిఫెండర్‌ని చూడండి. మన ఎండకి వాడు మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగాడా, వెంటనే వింగర్‌ని (అంచు వెంట పరుగెత్తేవాణ్ని) దింపండి.

ఇంకోటి: ఐదుగురు ఆటగాళ్లను మార్చే వీలున్నా, ఆట మధ్యలో ఆపి మార్చే అవకాశం మూడుసార్లే. హాఫ్ టైమ్ లెక్కలోకి రాదు.