మాకు వేరే బ్రాంచీలు లేవు

హైదరాబాదు వారసత్వానికి అన్నిటికన్నా పెద్ద ముప్పు ఏదని ఎవరైనా అడిగితే, అర లీటరు ఎనామిల్ పెయింటు డబ్బా అని తడుముకోకుండా చెబుతాను. దుకాణం బోర్డు వెలిసేకొద్దీ విలువ పెరిగే వస్తువు. నలభై యాభై వేసవుల పాటు ఎండ శ్రమించి సాధించిన ఆ కళను, గిరాకీ రావడం లేదన్న అల్పమైన కారణంతో, దుకాణదారుడు ఒక్క ఆదివారం పూట కొత్త రంగు పూయించి మంటగలుపుతున్నాడు.

మొన్న కోఠి వెనుక సందులో గడియారాలు బాగుచేసే దుకాణం మీద అటువంటి రేకు బోర్డు ఒకటి నా కంటపడింది. ఎండకు అందరికన్నా ముందు లొంగిపోయేది ఎరుపు రంగు కాబట్టి ఎర్రగా రాసిన దుకాణం పేరు పూర్తిగా మాయమై, నల్లరంగులో ఉన్న "మాకు వేరే బ్రాంచీలు లేవు" అన్న ప్రకటన మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. ఎవరికి లేవో చెప్పే ఆనవాలు లేదు. పైనున్న ఉర్దూ పంక్తిలో అక్షరాలు పోయి చుక్కలు మిగిలాయి. ఫోను నంబరుకు ఐదే అంకెలు. చిరునామా "హైదరాబాదు-1" దగ్గర ఆగిపోయింది. పిన్‌కోడు వచ్చింది 1972లో కనుక బోర్డు అంతకన్నా పాతదని లెక్కగట్టి పులకించిపోయాను. (పెయింటరు పాత అలవాటు మానుకోలేదేమో అన్న అనుమానాన్ని అక్కడే అణిచివేశాను.)

ఇటువంటి సంపదకు చట్టం అండ లేకపోవడం విచారకరం. 1995లో ఈ నగరానికి వచ్చిన వారసత్వ నిబంధన పాత భవనాలతో పాటు బండరాళ్లను కూడా కాపాడింది. ఆ నిబంధనను 2015లో తీసేశారు, 2017లో కొత్త చట్టం చేశారు. ఇన్ని మార్పులలో రేకు బోర్డును తలచుకున్నవారు లేరు. ఆరో నిజాము కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం ఎప్పుడో పోయింది, దాని బోర్డూ పోయింది, పేరు మాత్రం సిటీ బస్సు బోర్డుకెక్కి ఆబిడ్స్‌గా తిరుగుతోంది. గడియారాల దుకాణానికి అంతటి అదృష్టం ఎలాగూ పట్టదు కనుక, కనీసం రంగు వేయించవద్దని యజమానిని చేతులు జోడించి వేడుకున్నాను.

"ఫొటోలు మస్తు తీస్కున్నరు గని సార్, గడియారం బెల్టన్న ఒకటి తీస్కోన్రి, నూటయాభై" అన్నాడాయన.

వారసత్వం గురించి మాట్లాడుతుంటే బేరం పెట్టే మనుషుల మధ్య సంస్కృతి ఎలా బతుకుతుంది? నేను గడియారం పెట్టుకోను, టైము ఫోనులో చూసుకుంటానని మర్యాదగానే చెప్పి, మరో పదిహేడు ఫొటోలు తీసుకుని వచ్చేశాను.

నెల తిరిగాక వెళితే షట్టరు దించి ఉంది, బోర్డు స్థానంలో రెండు మేకులు ఉన్నాయి. పక్కనున్న ఫ్లెక్సీ దుకాణం కుర్రవాణ్ణి అడిగితే ముసలాయన దుకాణం ఎత్తేశాడని, బోర్డును ఎవరో కారులో వచ్చి కొనుక్కుపోయారని చెప్పాడు. ఆ కారు ఎవరిదో నాకు మాదాపూర్‌లో తెలిసింది. ఒక కాఫీ హోటలు గోడ మీద, ఏసీ గాలిలో, చిన్న పసుపుపచ్చ దీపం కింద మన బోర్డు వేలాడుతోంది. ఎండా వానా తగలని చోటికి వారసత్వం చేరినందుకు నా కళ్లు చెమర్చాయి. మూడు వందల ఇరవై రూపాయల కాఫీని బేరమాడకుండా తాగి, బోర్డు ముందు నిలబడి ఫొటో దిగి, బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ హోటలు తాలూకు మిగతా నాలుగు బ్రాంచీల చిరునామాలు బిల్లు వెనుక అచ్చువేసి ఉన్నాయి.