విమానం ఎక్కినంత మాత్రాన కోడికూర గడ్డకట్టి ఉండదు

అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంటి వాట్సాప్ గ్రూపులోనూ కొన్నాళ్లుగా ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇది: నాటుకోడి కూర, చేపల పులుసు, మటన్ బిర్యానీ, ఏదైనా సరే వండి డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పాడవకుండా వాక్యూమ్ ప్యాక్ చేసి కొరియర్‌లో వేసేయండి, విమానం ఎగిరే ఎత్తులో మైనస్ 50 డిగ్రీలు ఉంటుంది కాబట్టి దారంతా ఫ్రీజర్‌లో ఉన్నట్టే, కాస్త డ్రై ఐస్ వేసి టేపు గట్టిగా చుడితే ఇంకా మంచిది, ఫ్రోజెన్ కాబట్టి మాంసం మీద నిషేధం వర్తించదు, పైన "గిఫ్ట్" అని రాస్తే కస్టమ్స్ వాళ్లు అడగరు. ఇందులో కొంచెం నిజం ఉంది, అందుకే జనం నమ్మేస్తున్నారు. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఆ మైనస్ 50. విమానం బయట నిజంగానే అంత చలి. కానీ సరుకు వెళ్లేది రెక్క మీద కాదు కదా. కింద సామాన్లు పెట్టే అర కూడా పైన మనం కూర్చునే చోటులాగే గాలి ఒత్తిడితో ఉంటుంది, కుక్కల్నీ పిల్లుల్నీ పంపేది కూడా అక్కడే. మీ సూట్‌కేసులో ఉన్న షాంపూ ఎప్పుడైనా రాయిలా గడ్డకట్టి దిగిందా? అసలు పార్సిల్‌కి గండం ఆకాశంలో కాదు, నేల మీద. కొరియర్ ఆఫీసులో ఒక పూట, వ్యాన్‌లో ఒక పూట, ఎయిర్‌పోర్టు గోదాంలో, విమానం పక్కన ట్రాలీ మీద ఎండలో, దారిలో ఇంకో దేశం హబ్‌లో, చివరికి అమెరికా క్లియరెన్స్ క్యూలో. మే నెలలో హైదరాబాద్ రన్‌వే పక్కన ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మందుల్ని, వ్యాక్సిన్లని గోదాం నుంచి విమానం దాకా చల్లబరిచిన బళ్లలో తీసుకెళ్లే ఏర్పాటు కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ఉన్నది అందుకే. మామూలు కొరియర్ పార్సిల్‌కి ఆ మర్యాద ఎవరూ చేయరు.

"మరి డ్రై ఐస్ ఉందిగా" అంటారు. ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. మైనస్ 78.5 డిగ్రీల దగ్గర గట్టిగా ఉండే కార్బన్ డయాక్సైడ్ అది, కరిగి నీళ్లవదు, నేరుగా గ్యాస్ అయిపోతుంది. ఫార్వర్డ్ రాసినాయన తెలుసుకోనిది ఇక్కడే. మామూలు ఐస్ పెట్టెలో రోజుకి సుమారు 2 నుంచి 4 కిలోల డ్రై ఐస్ ఆవిరైపోతుంది. విజయవాడలో ఇచ్చిన పార్సిల్ డల్లాస్‌లో ఇంటి గుమ్మం చేరడానికి అంతా సవ్యంగా జరిగితేనే నాలుగైదు రోజులు అనుకుంటే, ఎంత వేయాలో మీరే లెక్కేసుకోండి, "కాస్త" అయితే రెండో రోజు పొద్దున్నకి ఏమీ మిగలదు. పైగా విమానాల్లో అది ప్రమాదకర సరుకు కింద లెక్క, క్లాస్ 9, గుర్తింపు నంబరు యూఎన్ 1845. పెట్టె మీద ఆ లేబుల్, ఎన్ని కిలోలుందో ఆ అంకె రెండూ ఉండాలి. ప్రయాణికుడు వెంట తీసుకెళ్లాలన్నా మనిషికి 2.5 కిలోలే, అదీ ఎయిర్‌లైన్ ముందే ఒప్పుకుంటే. అన్నిటికన్నా తప్పుడు సలహా ఆ టేపు సంగతి. గ్యాస్ బయటికి పోయే దారి వదలాలి, గాలి చొరకుండా బిగించేస్తే పెట్టె ఉబ్బి పగులుతుంది. దయచేసి ఆ లైను మాత్రం ఎవరికీ పంపకండి.

ఖర్చు గురించి ఫార్వర్డ్‌లో ఒక్క మాట లేదు. ఎక్స్‌ప్రెస్ కొరియర్లు తూకాన్నొక్కటే చూడవు, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. 50, 40, 40 కొలతల థర్మాకోల్ పెట్టె అంటే 16 కిలోలు. లోపల కూర 5 కిలోలే కావచ్చు, మీరు కట్టేది మాత్రం 16 కిలోలకి.

నిజానికి ఫ్రోజెన్ సరుకు విమానం ఎక్కడమే అరుదు. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన వనామి రొయ్యలు అమెరికా వెళ్లేది ఓడలో, మైనస్ 18 దగ్గర నడిచే రీఫర్ కంటైనర్లలో, అంటే ఫ్రీజర్ ఉన్న పెద్ద సరుకు పెట్టెల్లో, వారాల తరబడి. గడ్డకట్టించేదే టైము దొరకడానికి. విమానం ఖర్చు పెట్టుకునేది టైము లేని వాటికి: బతికున్న పీతలు, మామిడి, పూలు.

వాక్యూమ్ ప్యాక్ చేస్తే పాడవదన్నది నన్ను నిజంగా భయపెట్టే ముక్క. గాలి తీసేస్తే బూజు పట్టదు, వాసన రాదు, నిజమే. కానీ బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం తెచ్చే బ్యాక్టీరియాకి గాలి లేని చోటే ఇష్టం. ఆవకాయకి ఏమీ కాదంటే అందులో ఉప్పూ పులుపూ దాన్ని కాస్తాయి కాబట్టి, పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా తక్కువుంటే ఆ బ్యాక్టీరియా పెరగలేదు. కోడికూరలో, బిర్యానీలో అంత పులుపెక్కడిది? దారిలో చలి పోయి ఒకటి రెండు రోజులు గోరువెచ్చగా ఉన్న ప్యాకెట్ చూడ్డానికి బాగానే ఉంటుంది, వాసన కూడా రాకపోవచ్చు. టెన్షన్ పడాల్సింది అలాంటి ప్యాకెట్ చూసే.

ఇక నిషేధం. అమెరికా వ్యవసాయ శాఖ మన దగ్గర్నుంచి మాంసం రానివ్వకపోవడానికి కారణం కుళ్లిపోతుందని కాదు, పశువుల గాలికుంటు, కోళ్ల కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ లాంటివి అక్కడి పశువులకీ కోళ్లకీ అంటుకుంటాయని. గాలికుంటు వైరస్ చలికి చావదు, గడ్డకట్టిన మాంసంలో నెలల తరబడి బతుకుతుంది. అంటే ఫ్రోజెన్ అన్నది మినహాయింపు కాదు, వాళ్ల భయానికి ఇంకో కారణం. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి కూడా ఇందులోకే వస్తాయి, మీద "వెజ్ పికిల్" అని రాసిచ్చే ఏజెంట్లని నమ్ముకుంటే దొరికిన రోజు పార్సిల్ మీద ఉండేది మీ పేరు, మీ అమ్మాయి పేరు, ఏజెంటుది కాదు. కూరతోపాటు పచ్చి కరివేపాకు కట్ట పెట్టినా తీసేస్తారు, నిమ్మ జాతి చెట్లకి తెగులు మోసుకొచ్చే పురుగు దాని మీద బతుకుతుందని. చేప మీద మాత్రం ఇలాంటి నిషేధం లేదు. ఫార్వర్డ్‌లో నిలబడే ముక్క అదే.

గిఫ్ట్ అని రాయడం వల్ల లాభం అసలు లేదనను. ఇంట్లో స్వయంగా వండి, వ్యక్తి నుంచి వ్యక్తికి కానుకగా పంపితే, ఆహారం వస్తోందని ఎఫ్‌డీఏకి (అమెరికా ఆహార, మందుల సంస్థకి) ముందస్తు నోటీసు ఇవ్వక్కర్లేదు. స్వీటు షాపులోనో పచ్చళ్ల కొట్లోనో కొన్నదైతే గిఫ్ట్ అయినా ఇవ్వాలి. సుంకం విషయంలో గిఫ్ట్‌కి పరిమితి 100 డాలర్లు. 800 డాలర్ల దాకా సరుకుకి సుంకం లేదంటూ చాలామంది ఇంకా తలుచుకునే మినహాయింపు 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. మాంసం నిషేధానికి గిఫ్ట్‌తో సంబంధమే లేదు. కస్టమ్స్ వాళ్లు చూడరనుకునేవాళ్లు 2025 మే నెల మామిడి కథ గుర్తు తెచ్చుకోవాలి: నవీ ముంబైలో పురుగుల భయం లేకుండా రేడియేషన్ చేయించుకుని పద్ధతిగా వెళ్లిన 15 షిప్‌మెంట్లని కాగితాల్లో తేడా ఉందని అమెరికాలో ఆపేస్తే, వెనక్కి తెచ్చుకునే ఖర్చు గిట్టక అక్కడే నాశనం చేశారు.

చివరికి అందరూ అనేది, "మా అక్కవాళ్లకి చేరిందిగా, గట్టిగానే ఉందట." చేరే ఉంటుంది, ప్రతి పెట్టెనీ విప్పరు. కానీ దారిలో కరిగిపోయాక ఏజెంటు మళ్లీ ఐస్ నింపినా అది గట్టిగానే చేరుతుంది. చేపల పులుసు పంపేవాళ్లు ఒక పని చేయండి. చిన్న ప్లాస్టిక్ సీసాలో సగం నీళ్లు పోసి, నిలబెట్టి గడ్డకట్టించి, పెట్టెలో తలకిందులుగా పెట్టండి. అక్కడ విప్పినప్పుడు ఐస్ సీసా అడుక్కే అంటుకుని ఉంటే పర్వాలేదు. మూతవైపుకి జారి ఉంటే పులుసు రాయిలా ఉన్నా సరే తినొద్దని ముందే ఫోన్ చేసి చెప్పండి.